మేడమీద ఆరబోసిన మట్టి

మేడ్చల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పనిచేశాను. లోపలికొచ్చే ప్రతి డ్రమ్ములోంచీ కాస్త తీసి, పైన రాసి ఉన్నదే లోపల ఉందా లేదా అని తేల్చడం నా ఉద్యోగం. ఆ బుద్ధి నాతోపాటే ఇంటికీ వచ్చేసింది. పాలవాడి పాలు, కిరాణా కొట్టు పసుపు, మా ఆయన ఆలస్యానికి చెప్పే కారణం, ఏదీ ఒక పట్టాన నమ్మేదాన్ని కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మచ్చ బొల్లారంలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్లం. మాది కాకినాడ వైపు. ఇంటావిడ కింద వాటాలో ఉండేది. భర్త పోయాడు, ఒక్కతే కూతురు. నేను ఆవిడను పిన్నిగారూ అనేదాన్ని, ఆవిడ నన్ను బిడ్డా అనేది. అంతకుమించి మా మధ్య పెద్దగా మాటలుండేవి కావు.

ఆ వేసవిలో పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన ముందుగదిలో చేపలున్న ఒక గాజు తొట్టి కనిపించింది. నిండా పచ్చటి మొక్కలు, నీళ్లలోనే వేళ్లూనుకుని పెరుగుతున్నాయి. నా వంతు వచ్చాక కూడా లేవబుద్ధి కాలేదు. ఆ వారమే నేనూ ఒక తొట్టి కొన్నాను. దుకాణంవాడు అడుగున తెల్లరాళ్లు, నీలంరాళ్లు పోసి, వాటి మధ్య మొక్కలు గుచ్చి ఇచ్చాడు. మూడు వారాల్లో ఆకులన్నీ కుళ్లి పైకి తేలాయి. అడిగితే ఒక సీసా చేతిలో పెట్టాడు.

"రోజుకు నాలుగు సుక్కలెయ్యుండ్రి మేడం, మస్తు పెరుగుతయ్."

ఆ సీసాలో ఏముందో దాని మీద ఎక్కడా రాసి లేదు. ఇంటికొచ్చి, మందును కాదు, రాళ్లను పరీక్షించాను. తెల్లరాయి మీద నిమ్మకాయ పిండితే సన్నగా నురగ పొంగింది. సున్నపురాయి. మా బోరు నీళ్లు ముందే సబ్బు నురగ రానంత గట్టివి, వాటికి ఇది తోడు. పైగా ఆ రాళ్లలో మొక్క తినడానికి ఏమీ లేదు.

కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకంలో ఇంకో పద్ధతి చూశాను. అడుగున అంగుళం మందాన మామూలు పొలం మట్టి, దాని మీద రెండంగుళాల ముతక ఇసుక. మట్టి మొక్కకు తిండి, ఇసుక ఆ మట్టిని నీళ్లలోకి లేవనివ్వని మూత. మా ల్యాబులో పనిచేసే ఒకతను గౌడవెల్లి నుంచి బైకు మీద వచ్చేవాడు. అతన్ని అడిగితే మర్నాడే ఒక సంచి ఎర్రమట్టి తెచ్చాడు.

"పొలానికి పురుగుమందు కొట్టారా?" అన్నాను.

"లేదు మేడం. మా నాయిన జొన్న ఏసిండు. జొన్నకు మందెందుకు?"

"నిరుడు?"

"నిరుడు గూడ గొట్టలే."

"యూరియా?"

అతను సంచి కింద పెట్టి నా వైపు చూశాడు. "మీరు చేపలు పెంచుతున్రా మేడం, మమ్మల్ని పరీక్ష జేస్తున్రా?"

నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ తర్వాత రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు.

ఆదివారం మా ఆయనా నేనూ స్కూటరు మీద శామీర్‌పేట వెళ్లి, చెరువు అలుగు కింద వాగులోంచి రెండు చిన్న సంచుల ఇసుక తెచ్చాం. ఇక పనంతా మేడమీదే. మట్టిని జల్లెడ పట్టి, బేసిన్లలో నానబెట్టి, పైకి తేలిన గడ్డీ వేళ్లూ తీసేసి, నీళ్లు వంచేసి ఎండబెట్టాలి. ఎండాక మళ్లీ నానబెట్టాలి. ఇలా నాలుగైదు సార్లు. అలా చేయకపోతే మట్టిలోని చెత్త తొట్టిలో కుళ్లి నీళ్లను పాడుచేస్తుంది. ఇసుకనూ, పోగుచేసిన రకరకాల రాళ్లనూ విడివిడిగా కుప్పలు పోసి, ఒక్కో కుప్ప మీద ఒక్కో నిమ్మచెక్క పిండి అక్కడే వదిలేసేదాన్ని, దేన్ని పరీక్షించానో గుర్తుండడానికి.

మూడోరోజు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మట్టి బేసిన్లు రెండూ బోర్లాపడి ఉన్నాయి. గాలికి పడేంత తేలికవి కావవి. మర్నాడు నిమ్మచెక్కలు మాయమయ్యాయి. ఆ మర్నాడు మా మెట్ల దగ్గర గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి.

నాకు అనుమానం ఇంటావిడ మీదికే పోయింది. "మీ కంపెనీ క్వార్టర్లియ్యదా బిడ్డా?" అని రెండు నెలల క్రితం అడిగింది. మమ్మల్ని ఖాళీ చేయించాలనే ఇదంతా అనుకున్నాను.

"వెళ్లి అడిగితే పోలా?" అన్నాడు మా ఆయన.

"అడిగితే నిజం చెబుతుందా?"

అడగలేదు. మేడ తలుపుకు మా తాళం వేశాను.

తాళం పడిన రెండోరోజు, సెలవు పూట పొద్దున్నే, ఇంటావిడ పైకొచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నెలాఖరుకు ఖాళీ జెయ్యుండ్రి."

"ఎందుకండీ?"

"నీకు తెల్వదా బిడ్డా? పది దినాల సంది జూస్తున్న. గా ఎర్రమట్టేంది, గా నిమ్మకాయలేంది? ఇగ తాళం గూడ ఏసినవ్. నా బిడ్డ బాలింత, ఇంట్ల ఉంది. పసిపిల్ల పాలు తాగుతలేదు. ఎవరి మీద జేస్తున్నవ్?"

చేతబడి అనుకుంటోందని అప్పటిదాకా తట్టనే లేదు. ముందు కోపం వచ్చింది. తర్వాత ఆవిడ చేతులు చూశాను. కొంగు ముడిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"నేను రాళ్లు పరీక్ష చేస్తున్నానండీ. సున్నపురాయైతే పులుపుకు పొంగుతుంది. చూపిస్తాను రండి."

మా ఇంటి నిమ్మకాయ ఆవిడ ముట్టుకోలేదు. కిందికి వెళ్లి తన వంటింట్లోది తెచ్చుకుని, మేడమీద తనే పిండింది. తెల్లరాయి పొంగింది. శామీర్‌పేట ఇసుక ఊరుకుంది. నమ్మినట్టు కనిపించలేదు. నమ్మించాలని నేను ఆవిడ గుమ్మం దగ్గర డబ్బాలోంచి ఆవిడ చేతే చిటికెడు ముగ్గు తెప్పించాను. దాని మీద నిమ్మరసం పడగానే బుసబుసమని నురగ లేచింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"నా ముగ్గుల గూడ కలిపినవా?"

అప్పుడే పిల్లను ఎత్తుకుని కూతురు మెట్లెక్కి వచ్చింది.

"ముగ్గంటే రాయి పిండే గదనే అమ్మా. పులుపు తగిల్తే పొంగుతది. ఇంటర్ల మేం గూడ జేసినం. ఆ మేడం చేపలు పెంచుతదంట, వాళ్ల సారే జెప్పిండు."

ఇంటావిడ వంగి ఆ నురగను మళ్లీ చూసింది. ఆ సందులో నేను పిల్లను చూశాను. చెంపలే కాదు, కనుగుడ్లు కూడా పసుపుపచ్చగా ఉన్నాయి. దిష్టి తగులుతుందని పదిరోజులుగా ఎవరికీ చూపించలేదట.

"ఇది కామెర్లలా ఉంది. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి," అన్నాను.

ఇంటావిడ నా ముఖంలోకి సూటిగా చూసింది. నా మాట వినాలా వద్దా అని తేల్చుకుంటోందని తెలుస్తూనే ఉంది. కూతురు ఆగలేదు. మా ఆయన ఆటో పిలుచుకొచ్చాడు. అక్కడి డాక్టరు కామెర్లు తగ్గడానికి పిల్లను మూడు రోజులు దీపాల కింద పడుకోబెట్టాడు. నాలుగోరోజు ఇంటికొచ్చేసరికి పాలు తాగుతోంది.

ఆ సాయంత్రం ఇంటావిడ మేడమీదికొచ్చి, నేను జల్లెడ పడుతుంటే పక్కన కూర్చుంది.

"బేసిన్లు నేనే బోర్లేసిన. భయమైంది బిడ్డా."

"తాళం వెయ్యకుండా ఉండాల్సింది నేను. ముందే చెప్పాల్సింది."

ఎందుకు చెప్పలేదో ఆవిడ అడగలేదు. చెప్పినా అర్థం కాదని నేననుకున్నాను, అంతే. గౌడవెల్లి అతన్ని అన్ని ప్రశ్నలు వేసిన దాన్ని, ఈవిడకు ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆ సంగతి నన్ను చాలాకాలం బాధపెట్టింది.

ఇంకో పదిహేను రోజులకు తొట్టి సిద్ధమైంది. మట్టి పరిచి, ఇసుక కప్పి, పైన ఒక పళ్లెం పెట్టి, ఇసుక చెదరకుండా దాని మీద సన్నధారగా నీళ్లు పోశాను. మొక్కలు నాటిన మర్నాడు ఇంటావిడ కూతురితో, మనవరాలితో చూడటానికి వచ్చింది.

"చేపలేవి?"

"నెల రోజులు ఆగాలండీ. నీళ్లు కుదురుకోవాలి."

"ఒట్టి మట్టికి గింత పరేషానా?" అని తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక వైపు కూడా తొంగి చూసింది. ఆ నెలంతా రోజూ ఏదో వంకతో పైకొచ్చి చూసిపోయేది. వారం తిరిగేసరికి కొత్త ఆకులు వేశాయి. కింద వాకిట్లో ఎవరో అడిగితే ఆవిడ చెబుతుండగా విన్నాను: "పైన సారోళ్లింట్ల ఇంక చేపలు రాలే. ఇప్పుడైతే మట్టినే పెంచుతున్రు."