ఖాజావలి కూతురి ఎత్తు

వినుకొండలో నా ఆన్‌లైన్ సెంటరుకీ ఖాజావలి పరుపుల కొట్టుకీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆయన దూది ఏకే మిషను ఆన్ చేస్తే నా కంప్యూటరు బల్ల సన్నగా అదురుతుంది. సాయంత్రానికి కీబోర్డు మీద తెల్లటి నూగు పేరుకుంటుంది. తొమ్మిదేళ్లుగా ఆ నూగు తుడుచుకుంటూనే ఉన్నాను గానీ ఆయనతో ఒక్కరోజూ గొడవ పడలేదు. గొడవ పడే మనిషి కాదాయన. ఏదన్నా అంటే తల వంచుకుని, నిజమే చెల్లెమ్మా అంటాడు.

వాళ్ల నాన్న జాన్ బాషా దూదిని ఏకే విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. పెళ్లి కుదిరిన ఇంటి వాళ్లు ఆయనకు కబురు పెట్టి మరీ పరుపులు కుట్టించుకునేవాళ్లు. ఖాజావలి తిరగడం మానేసి మిషను కొన్నాడు, కొట్టు పెట్టాడు, ఆ కొట్టు మీదే గది వేసుకుని కాపురం పెట్టాడు. భార్య నగ్మాది ఒంగోలు. ఆమెకు ఆ దూది పడలేదు. పెళ్లయిన రెండో ఏడే ఆయాసం మొదలైంది. కూతురు యాస్మిన్ పుట్టాక ఆ పిల్లకీ అదే. వేరే ఇల్లు చూడమని నగ్మా చాలాసార్లు అడిగిందట. అడిగినప్పుడల్లా, అలవాటైపోతుందిలే అన్నాడట. ఆయన పుట్టింది, పాకింది, నడిచింది దూదిలోనే. ఆ నూగు మనిషికి ఊపిరాడకుండా చేస్తుందంటే ఆయనకు నమ్మకం కలగలేదు. ఆరేళ్ల పిల్లను వెంటబెట్టుకుని వైద్యం కోసమని పుట్టింటికి వెళ్లిన నగ్మా మళ్లీ రాలేదు. తర్వాత విడాకులయ్యాయి.

ఈ సంగతులన్నీ నాకు ఆయనే చెప్పాడు. "నేను తాగలేదు, కొట్టలేదు. చెబితే వినలేదు, అంతే" అన్నాడు ఒకసారి.

నెలకోసారి ఒంగోల్లో పిల్లను చూడొచ్చనీ, వేసవి సెలవుల్లో మూడు రోజులు తనతో ఉంచుకోవచ్చనీ కోర్టు రాసిచ్చింది. మొదట్లో నెలనెలా తప్పకుండా వెళ్లేవాడు. ఒక బేకరీలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని రెండు గంటలు గడిపేవాళ్లు. ఆ పిల్ల ఎగ్ పఫ్ తింటూ బడి కబుర్లు చెప్పేది. క్లాసులో పిల్లలు హైదరాబాదు అవతల ఉన్న పెద్ద థీమ్ పార్కుకి వెళ్లొచ్చారనీ, అక్కడ ఇంత ఎత్తు మీంచి నీళ్లలోకి జారతారనీ ఒకసారి చెప్పిందట. నిన్నూ తీసుకెళ్తానన్నాడు. తర్వాత పరీక్షలన్నారు, జ్వరమన్నారు, ట్యూషనన్నారు. కలవని నెలలు పెరుగుతూ వచ్చాయి. వేసవి మూడు రోజులైతే ఏ ఏడూ దక్కనే లేదు.

పోయిన ఏప్రిల్ చివర్లో ఒకరోజు మిషను ఆపేసి నా షాపులోకి వచ్చాడు. జుట్టంతా నూగు. మొహంలో ఎప్పుడూ చూడని కళ. నగ్మా తమ్ముడు సలీం ఫోన్ చేశాడట. మే నెల రెండో శుక్రవారం పిల్లను పంపిస్తామనీ, ఆదివారం సాయంత్రానికి తిరిగి అప్పజెప్పాలనీ అన్నాడట. అడక్కుండానే వాళ్లంతట వాళ్లే అన్నారని ఖాజావలి రెండుసార్లు చెప్పాడు. అప్పటికి కూతురిని చూసి పదిహేను నెలలైంది. పార్కు టికెట్లు, ఉండటానికి రూము, రైలు, అన్నీ నన్నే చూడమన్నాడు.

ముందు పార్కు వెబ్‌సైటు తెరిచాను. అక్కడ టికెట్టు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. నూట నలభై సెంటీమీటర్ల లోపుంటే చిన్న టికెట్టు, దాటితే పెద్ద టికెట్టు.

"పాప ఎత్తెంతన్నా?" అన్నాను.

ఆయన లేచి నిలబడి అరచేతిని తన రొమ్ము మీద ఆనించాడు. ఇక్కడికి వచ్చేది అన్నాడు. మెడలో వేలాడుతున్న టేపు తీసి నాకిచ్చాడు. అరచేతి నుంచి నేల దాకా కొలిచాను. నూట ముప్పై ఆరు.

ఇది పదిహేను నెలల కిందటి ఎత్తు కదా అన్నాను. ఆయన చెయ్యి దించలేదు. కాస్త పైకి జరిపాడు. ఇంకాస్త జరిపాడు. అక్కడ ఆగి, అలా చేతిని గాల్లోనే ఉంచి నా వైపు చూశాడు.

"ఎంత జరపాలో తెలియట్లేదు చెల్లెమ్మా."

సలీంకి ఫోన్ చేసి కనుక్కోమన్నాను. చేశాడు. ఎత్తుతో నీకు పనేంటి, తీసుకెళ్లి తీసుకురా అని సలీం ఫోన్ పెట్టేశాడు. చివరికి పెద్ద టికెట్టే తియ్యమన్నాడు ఖాజావలి. గేటు దగ్గర నిలబెట్టి కొలిచి, మీ అమ్మాయి ఎంతుందో మీకే తెలియదా అని ఎవరన్నా అంటే ఆ పిల్ల వింటుంది, అది తనవల్ల కాదన్నాడు. ఒకసారి తీసిన టికెట్లు వాపసు తీసుకోరని కింద సన్న అక్షరాల్లో ఉంది. చదివి చెప్పాను. తలూపాడు.

రూము దగ్గర ఇంకా కష్టమైంది. పార్కుకి దగ్గర్లో ఉన్న ఐదు లాడ్జీలకు నేనే ఫోన్ చేశాను. ఎంతమంది అంటే, ఒక మగమనిషి, పదమూడేళ్ల ఆడపిల్ల అన్నాను. అవతల గొంతులు మారిపోయాయి. తప్పు వాళ్లదనలేను. తండ్రీకూతుళ్లని రుజువు కావాలన్నారు. పిల్ల ఆధార్ తల్లి దగ్గరుంది. అందులో ఒంగోలు చిరునామా, సంరక్షకుల చోట తల్లి పేరు ఉన్నాయి. ఖాజావలి పేరు ఎక్కడా లేదు. ఆయన పైకి వెళ్లి కోర్టు కాగితం తెచ్చాడు. ఇది చూపిస్తే చాలదా అన్నాడు. మడతల దగ్గర చిరిగిపోతోంది. నాలుగు కాపీలు తీసి, అసలుది ప్లాస్టిక్ కవరులో పెట్టిచ్చాను. ఐదో లాడ్జీ అతను మాత్రం, తోడుగా ఆడమనిషి ఉంటే ఇస్తామన్నాడు.

అందుకని పెదకాకానిలో ఉండే వాళ్లక్క నసీమున్నీసాను అడిగాడు. ఆమెకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. నీళ్లలో జారే చోట నాకేం పనిరా అని నవ్విందట గానీ వస్తానంది.

ఒంగోలు నుంచి సికింద్రాబాద్ వెళ్లే పగటి రైలుకి మూడు టికెట్లూ వెయిటింగ్ లిస్టులో దొరికాయి. పద్నాలుగు, పదిహేను, పదహారు. రోజూ పొద్దున మిషను ఆన్ చేసే ముందు వచ్చి ఎంతకు దిగిందని అడిగేవాడు. పదకొండు, ఎనిమిది, మూడు. ఒంగోలు వెళ్లే ముందురోజు మూడూ ఖాయమయ్యాయి. ఆ రోజు మాకందరికీ జిలేబీ పంచాడు. నీళ్లలోకి దిగడానికి నైలాను బట్టలు కావాలంటే పిల్లకోసం గులాబీ రంగువి ఒక జత కొనుక్కొచ్చి నాకు చూపించాడు. అవి చిన్నవేమో అనిపించింది. అనలేకపోయాను.

అక్కడేం జరిగిందో నాకు చెప్పింది నసీమక్క. తిరిగొచ్చిన మర్నాడు ఊరికి బస్సెక్కబోతూ నా షాపులో కూర్చుని చెప్పింది.

ఒంగోలు ప్లాట్‌ఫాం మీద సలీం పక్కన ఒక పొడుగాటి ఆడపిల్ల నిలబడి ఉందట. ఖాజావలి ఆ పిల్లను దాటి ఇంకెవరినో వెతుకుతూ రెండడుగులు ముందుకు వెళ్లిపోయాడట. నసీమక్కే చెయ్యి పట్టుకుని ఆపింది. యాస్మిన్ ఆయన భుజం దాకా ఉంది. దగ్గరికి వచ్చి, బాగున్నారా అంది. బేకరీలో కూర్చున్న రోజుల్లో నాన్నా నువ్వు అనేది. రైల్లో దారి పొడుగునా మీరే. మీరు తిన్నారా, మీరు కిటికీ పక్కన కూర్చోండి. కొట్టుకి వచ్చినవాళ్లతో మాట్లాడినట్టు ఆయన కూడా, పర్లేదమ్మా, నువ్వు కూర్చో అంటూ వచ్చాడు.

శనివారం పార్కు గేటు దగ్గర కొలత కర్ర పక్కన నిలబెడితే నూట యాభై రెండు. పెద్ద టికెట్టే సరిపోయింది. గులాబీ రంగు బట్టలు సంచీలోంచి బయటికి తియ్యనే లేదు. ఆ పిల్ల ఏదీ ఎక్కనంది. ఒక చిన్న రైలు లాంటిది ఎక్కమంటే ముగ్గురూ ఎక్కారు. అందులో అందరూ కేకలు పెడుతుంటే యాస్మిన్ సలీం ఇచ్చి పంపిన ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. దిగాక నీడ చూసుకుని ఒక బల్ల మీద కూర్చున్నారు. ఖాజావలి ఐస్‌క్రీం తెచ్చిచ్చాడు. అది కరుగుతుంటే చేతిలో పట్టుకునే, ఆ పిల్ల అడిగింది.

"అమ్మ నన్నెందుకు పంపించిందో మీకు తెలుసా?"

ఆయన తెలియదన్నాడు.

"ఈరోజు నెల్లూరులో అమ్మ నిఖా. నన్ను అక్కడ ఉండొద్దన్నారు."

నసీమక్కకీ అప్పుడే తెలిసింది. పెళ్లికొడుక్కి మొదటి భార్య పిల్లలు ఇద్దరున్నారట. యాస్మిన్‌ని జూన్ నుంచి గుంటూరు దగ్గర హాస్టలున్న ఒక స్కూల్లో వేస్తున్నారట. ఆ పిల్ల ఏడవలేదు. చెప్పాల్సినవన్నీ వరసగా చెప్పింది, పాఠం అప్పజెప్పినట్టు. చెప్పి, చివర్లో అంది.

"నేను మీ దగ్గర ఉండనా?"

నసీమక్క నాకీ మాట చెప్పేటప్పుడు కొంగుతో నోరు మూసుకుంది. సరే అంటాడనే అనుకుందట. ఆయన అనలేదు. ఆయన కళ్లముందు ఏం కదిలిందో ఆయనకే తెలియాలి. ఆ పిల్ల హ్యాండ్‌బ్యాగులో ఇన్‌హేలర్ ఉంది, పొద్దున లాడ్జీలో రెండుసార్లు పీల్చుకోవడం చూశాడు. కొట్టు మీద ఆ ఒక్క గది. కోర్టు ఇచ్చింది మూడే రోజులు. రేపు సాయంత్రం సలీం స్టేషన్లో నిలబడి ఉంటాడు. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. నసీమక్క చెప్పినదాని ప్రకారం ఆయన చెప్పుల వైపు చూస్తూ అన్న మాట ఇది.

"చూద్దాంలేమ్మా."

యాస్మిన్ లేచి వెళ్లి ఐస్‌క్రీం చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని వచ్చింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. మూడింటికే లాడ్జీకి వెళ్లిపోదామంది. మర్నాడు రైల్లో పై బెర్తు ఎక్కి పడుకుంది. ఒంగోలు వచ్చాక దిగి, వెళ్లొస్తానండీ అని మేనత్తకూ తండ్రికీ కలిపి ఒకేసారి చెప్పింది.

బుధవారం ఖాజావలి నా షాపుకి వచ్చాడు. కొట్టుకి దూరంగా, ఊరి చివర ఇల్లేదైనా అద్దెకుంటే చూడమన్నాడు. నాకు తెలిసినవాళ్లది నరసరావుపేట రోడ్డులో రెండు గదుల ఇల్లు ఖాళీగా ఉంది. అదే రోజు మాట్లాడుకున్నాడు. సున్నం తనే వేసుకున్నాడు. ఒక గదిలో చదువుకునే బల్ల వేయించాడు. పని బట్టలు కొట్టులోనే విడిచి, అక్కడే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని ఆ ఇంటికి వెళ్లేవాడు. దూది పరుపులు ఆ ఇంట్లోకి రానివ్వలేదు, ఫోమ్‌వి రెండు కొన్నాడు. దూది పని చేసేవాడు ఫోమ్ పరుపులు మోసుకెళ్తుంటే బజారంతా చూసింది.

అన్నీ అయ్యాక నగ్మాకు ఫోన్ చేశాడు. నా షాపులోంచే, స్పీకరు పెట్టి చేశాడు, ఒంటరిగా చెయ్యలేక. ఇల్లు మార్చాననీ, పిల్లను తన దగ్గర ఉంచుకుంటాననీ చెప్పాడు. నగ్మా కోప్పడలేదు. ఈ ఇల్లు ఏడేళ్ల కిందట అడిగాను కదా అంది. పిల్లకు అడ్మిషన్ అయిపోయిందంది. కావాలంటే దాన్నే అడుగు అని ఫోన్ ఇచ్చింది.

ఆయన అడిగాడు. బల్ల సంగతి, కిటికీ సంగతి, ఒక్క నూగు కూడా ఉండదన్న సంగతి గడగడా చెప్పాడు. తర్వాత ఆ పిల్ల గొంతు, నిదానంగా.

"వద్దులెండి. హాస్టలే నయం. అక్కడైతే నన్ను ఎవరూ ఎక్కడికీ పంపించరు."

కోర్టులో పిటిషన్ వేద్దామని నేనే అన్నాను. ఒంగోల్లో వకీలును కలిసొచ్చాడు కూడా. జడ్జి గారు పిల్లనే అడుగుతారనీ, ఆ వయసు పిల్ల మాటకు విలువ ఇస్తారనీ వకీలు చెప్పాడట. అడిగితే ఏం చెబుతుందో నేను విన్నాను కదా చెల్లెమ్మా అని ఖాజావలి తీసుకెళ్లిన కాగితాలు తిరిగి తెచ్చేశాడు.

ఆగస్టులో ఒక ఆదివారం ఆ స్కూలుకి వెళ్లాడు. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు తీసి చూశాడు. పిల్లను చూడటానికి రానివ్వాల్సిన వాళ్లవి మూడు పేర్లు, ఫోటోలతో సహా అంటించి ఉన్నాయి. ఈయన పేరు లేదు. కోర్టు కాగితం చూపించాడు. అందులో రెండో శనివారం, ఒంగోలు అని ఉంది కదండీ, ఇది ఆదివారం, ఒంగోలు కాదు అన్నాడట వాచ్‌మన్, మర్యాదగానే. దానిమ్మకాయల సంచీ అతని చేతిలో పెట్టి, ఎనిమిదో తరగతి అయిపోయి తొమ్మిదికొచ్చిన యాస్మిన్‌కి ఇవ్వమని చెప్పి వచ్చేశాడు. అవి చేరాయో లేదో తెలియదు.

దసరా సెలవులకు ఒకసారి, ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాడు. బాగున్నానండీ అనేదట. అంతకుమించి ఏమీ అడిగేది కాదు. ఆ తర్వాత చెయ్యడం మానేశాడు. ఎందుకని నేను అడగలేదు.

ఆ ఇంటికి ఆరు నెలలు అద్దె కట్టి వదిలేశాడు. మళ్లీ కొట్టు మీది గదికే వచ్చేశాడు. ఆ రెండు గదుల్లోకి ఎరువుల కంపెనీలో పనిచేసే ఒక కొత్త జంట దిగింది. వాళ్ల ఫోమ్ పరుపు మీద వీపు నొప్పి పుడుతోందని దూది పరుపు కుట్టించుకోవడానికి ఖాజావలి దగ్గరికే వచ్చారు. ఆయన చూపించినవాటిలో గళ్ల గుడ్డ ఎంచుకున్నారు. నాలుగు రోజుల్లో ఇస్తానన్నాడు. మూడో రోజుకే కుట్టి, రిక్షా బండి మీద వేయించి తనే ఆ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు.