నల్లబండల మీద ఓబులేసు చెప్పిన పాఠం

దయ్యం కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కెమిస్ట్రీ లెక్చరరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంట్లో ఎవరైనా గాలి సోకిందంటే, "గాలిలో ఉండేది నైట్రోజన్, ఆక్సిజన్" అని కసిరేవాణ్ణి. నాతో వాదించేకంటే గోడకు చెప్పుకోవడం మేలని మా ఆవిడ అనేది. అలాంటి నేనే ఈ సంగతి చెప్పాల్సి రావడం నా ఖర్మ. నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులకే చోటు చాలక డేరాలు వేశారు, ఇక మాలాంటి కుర్రాళ్ళకు గది ఎవరిస్తారు? పాత ఊళ్ళో బీబమ్మ అనే పెద్దావిడ దయ తలచి తన ఇంటి వెనక గది ఇచ్చింది. అందులో నేనూ, ఓబులేసూ. మాది జమ్మలమడుగు దగ్గర మగ్గం నేసే ఇల్లు. వాడిది పులివెందుల వైపు సేద్యగాళ్ళ కుటుంబం. ఇద్దరం ఇంటర్మీడియట్.

ఓబులేసుకు కెమిస్ట్రీ అంటే ప్రాణం. నాకేమో ప్రాణసంకటం. అప్పటికే ఒకసారి తప్పాను. "ఈసారీ తప్పితే మగ్గం గుంటలోకి దిగాల్సిందే అప్పా. నా కండ్లు కనపడ్డం ల్యా" అన్నాడు నాయన. ఆయనది కోపం కాదు, నిజంగానే చూపు తగ్గింది. అందుకే నాకు మరీ దడ.

గది నేలంతా నల్లటి కడప బండలు. వాటిమీదే సుద్దముక్కతో రాసుకునేవాళ్ళం. మాకొక కట్టుబాటు ఉండేది. ఒకడు పాఠం చెబితే రెండోవాడు అదే పాఠం తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే తడిగుడ్డతో బండలు తుడిచే పని వాడిది. ఆ ఏడాదంతా తుడిచింది నేనే.

నా జబ్బు బట్టీ పట్టడం. సమీకరణాలను శ్లోకాల్లా వల్లించేవాణ్ణి. పర్మాంగనేటు, ఫెర్రస్ లవణం చర్య రాయమంటే అటూ ఇటూ పరమాణువులు సరిచూసి అడుగున గీత గీసేసేవాణ్ణి. వాటి ప్లస్, మైనస్ చార్జీలు కూడా సరిపోవాలన్న ధ్యాసే ఉండేది కాదు. ఆర్గానిక్ మరీ ఘోరం. ఇథైల్ ఆల్కహాల్‌ను అసిటోన్‌గా మార్చమంటే తెల్లమొహం వేసేవాణ్ణి.

పరీక్షలు దగ్గరపడ్డాయనగా ఓబులేసుకు జ్వరం వచ్చింది. టైఫాయిడన్నారు. వాళ్ళ నాయన వచ్చి ఊరికి తీసుకుపోయాడు. బస్సెక్కుతూ ఓబులేసు, "నీకు ఆ రెడాక్స్ చార్జీల లెక్క నేర్పియ్యకుండానే పోతాండానురా" అన్నాడు. నిలబడలేక వణుకుతూ కూడా వాడి దిగులు నా గురించే.

కెమిస్ట్రీ పరీక్షకు ముందు రోజు శుక్రవారం. పొద్దున్నే నేల నిండా రాసుకుని కూర్చున్నాను. ఏదీ కుదరడం లేదు. చెమటకు సుద్ద వేళ్ళలోంచి జారిపోతోంది.

"పరమాణువులు సరిపోయినాయి. చార్జీ యాడ పోయిందిరా?"

వెనక్కి తిరిగితే ఓబులేసు! అంత ఎండల్లో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. "రేయ్, ఎప్పుడొచ్చినావు? తగ్గిందా?" అన్నాను. నా ఎదురుగా కూర్చుని సుద్ద లాక్కున్నాడు. "టైము ల్యా. ఈడ చూడు."

బండను రెండుగా గీశాడు. "ఒకటి పోగొట్టుకుంటేనే ఇంకోటికి వచ్చేది. మాంగనీసుకు ఐదు ఎలక్ట్రాన్లు కావల్ల. ఒక్కో ఫెర్రస్ ఇచ్చేది ఒకటే. ఐతే ఫెర్రస్ ఎన్ని కావల్ల?" ఐదన్నాను. ఐదు వేసి చూస్తే చార్జీలు రెండువైపులా సరిపోయాయి. ఏడాదిగా బుర్రకెక్కనిది అప్పుడెక్కింది.

వాడు ఆగలేదు. ఆల్కహాల్‌ను ఆమ్లం దాకా ఆక్సీకరణం చేశాడు, సున్నం కలిపి కాల్షియం లవణం చేశాడు, దాన్ని పొడిగా వేడిచేసి అసిటోన్ తెచ్చాడు. మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు కూడా లేదు. నేను లేవబోతే "కూర్చో!" అని అరిచాడు. అదివరకెప్పుడూ నన్ను కసిరినవాడు కాదు. వాడి వైపు నుంచి పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ కొడుతోంది. నాకు భయం వేసింది. కానీ పరీక్ష భయం అంతకంటే పెద్దది, నోరు మూసుకుని విన్నాను.

బీబమ్మ రెండు లోటాల్లో మజ్జిగ తెచ్చి గడప దగ్గర పెట్టింది. "మీ దోస్తు వచ్చినాడే! తగ్గిందా బేటా?" అని పలకరించింది. వాడు తలెత్తలేదు. ఆవిడ పోయి వాకిలి ముందు కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఆ గదికి ఉన్నది ఆ ఒక్క వాకిలే.

చివరికి సుద్ద నా చేతిలో పెట్టాడు. "ఇంగ నువ్వు చెప్పు."

తల వంచుకుని, రాస్తూ, మొదటినుంచీ చెప్పాను. ఎక్కడా తడబడలేదు. పొంగిపోయి తలెత్తితే ఎదురుగా ఎవరూ లేరు.

వాకిట్లోకి పరుగెత్తాను. "ఎవురూ బయటికి రాల్యా బేటా" అంది బీబమ్మ. లోపలికొచ్చి చూసింది. వాడి లోటాలో మజ్జిగ పెట్టింది పెట్టినట్టే ఉంది. "యా అల్లా" అంటూ గోడ పట్టుకుంది. వాడు పోయాడేమోనన్న ఆలోచన వచ్చి నాకు ఏడుపు ఆగలేదు. మర్నాడు ఆ ఏడుపుతోనే పరీక్ష రాశాను. వాడు చెప్పిన రెండూ వచ్చాయి.

పరీక్షలు కాగానే వాళ్ళ ఊరికి పోయాను. ఆ ఇల్లు చేరితే, అరుగు మీద పుల్లలా చిక్కిపోయి గంజి తాగుతూ ఓబులేసు! వాణ్ణి పట్టుకుని బోరుమన్నాను. ఎందుకేడుస్తున్నానో వాడికి అర్థం కాలేదు.

లోపల వాళ్ళమ్మ చెప్పింది. "శుక్రవారం పొద్దున మాకు ఆశ ల్యాకపోయె నాయనా. ఒళ్ళు కాలిపోతాన్నా దుప్పటి తియ్యనియ్యడు. నీ పేరు పిల్చి ఏందేందో ఇంగిలీసు మాట్లాడె. కూర్చో అని అరిసె. ఆకిర్న, ఇంగ నువ్వు చెప్పు అని కండ్లు మూసుకున్యాడు. అప్పుడు చెమటలు పట్టి జ్వరం దిగిపాయ. దేవుడు నా కొడుకును నాకిచ్చినాడు."

నేను పాసయ్యాను. కెమిస్ట్రీయే బతుకుతెరువయింది. ఓబులేసు మళ్ళీ కాలేజీ గడప తొక్కలేదు, సేద్యంలో దిగాడు. టైఫాయిడ్ తర్వాత మరపు వస్తుందంటారు, ఒప్పుకుంటాను. కానీ వాడికి లెక్కలు పోలేదు, ఇంగ్లీషు పోలేదు, చిన్నప్పటి సంగతి ఒక్కటీ పోలేదు. కెమిస్ట్రీ ఒక్కటే తుడిచిపెట్టుకుపోయింది. అదెట్లా?

నేను వాళ్ళ ఊరికి పోయిన ఆ సాయంత్రమే ఇది తెలిసింది. "సెప్టెంబరులో రాస్తాను, కొంచెం చెప్పురా" అని వాడే పుస్తకం తెచ్చాడు. తమాషా చేస్తున్నాడనుకున్నాను. ఆక్సిజన్‌కు ఏ అక్షరం రాస్తారని అడిగేసరికి తమాషా కాదని తెలిసింది. అరుగు మీద కూర్చోబెట్టి, చీకటి పడేదాకా చెప్పాను. చెయ్యి గడ్డానికి ఆనించుకుని, మొదటిసారి వింటున్నవాడిలా విన్నాడు. వాడి కళ్ళలో కుళ్ళు లేదు, బాధ కూడా లేదు. సంతోషమే ఉంది.

"శానా బాగా చెప్తాండావప్పా" అన్నాడు. "నీకు ఎవరు నేర్పిచ్చినారు?"

నేను మొహం తిప్పుకున్నాను. ఏమని చెప్పాలో అప్పుడూ తెలియలేదు. ఈ వయసొచ్చినా తెలియలేదు.