లాభం, రెండు, మూడు

నారాయణగూడలో నేను ప్రూఫులు దిద్దిన ప్రెస్సు ఒక పాత ఇంటి కింది భాగంలో ఉండేది. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, వెనక రేకుల షెడ్డులో ఆఫ్‌సెట్ మిషను, ఆ రెండింటికీ మధ్య గోడకు ఆనించి నా బల్ల. తొంభైల మధ్యలో, గ్రూప్ టూ పరీక్ష రెండోసారి కూడా పోయాక, ఆ బల్ల ముందు కూర్చున్నాను. అశోక్‌నగర్‌లో కోచింగుకని వచ్చినదాన్ని. ఊరికి తిరిగి వెళ్లడానికి ముఖం చెల్లక చిక్కడపల్లి గల్లీలో ఒక గది కిరాయికి తీసుకుని అమ్మను కూడా తెచ్చుకున్నాను. నాన్న లేడు. అమ్మకు ఊళ్లో పని పోయి అప్పటికి ఏడాది.

చేరిన రోజే ప్రెస్సు ఓనరు ఒక మాట చెప్పాడు. "అక్షరం దిద్దు తల్లీ, ముచ్చట జోలికి పోకు. వాళ్ల పుస్తకం, వాళ్ల ఇష్టం." నా నోటికి ఆ నియమం పెట్టడమంటే పొంగే పాల మీద మూత పెట్టడమే. అయినా ఏడాదిన్నర నిలబెట్టుకున్నాను. పెళ్లి పాటల పుస్తకాలు, వాస్తు పుస్తకాలు, పరీక్షల గైడ్లు, ఏది వచ్చినా వత్తులూ దీర్ఘాలూ సరిచేసి పక్కన పెట్టేదాన్ని. లోపల ఏం రాసుకున్నా నాకెందుకు?

అలాంటి నా బల్ల మీదకు ఒక మధ్యాహ్నం మా ఊరి చరిత్ర వచ్చి పడింది.

మాది కాగితం మిల్లు ఊరు. హైదరాబాద్‌కు ఉత్తరాన, సగం రోజు రైలు ప్రయాణం, వెదురు అడవుల అంచున. రాసినాయన ఆ మిల్లులోనే టైమాఫీసు గుమస్తాగా చేసి రిటైరై, అశోక్‌నగర్‌లో ఉంటున్నారు. పొద్దున లైబ్రరీ తెరిచే వేళకు వెళ్లి, మూసే వేళకు బయటికొచ్చి, రెండేళ్లు కూర్చుని రాశారట. చేతిరాత ముత్యాల్లా ఉంది. హాజరు పుస్తకాలు రాసిన చెయ్యి కదా, ఒక్క కొట్టివేత లేదు. నాదీ ఆ ఊరేనని ఆయనకు నేను చెప్పలేదు. చెప్పేంత తీరిక కూడా ఇవ్వలేదాయన, కట్ట బల్ల మీద పెట్టి, "జర జాగ్రత్త అమ్మా" అని వెళ్లిపోయారు.

చదవడం మొదలుపెట్టాక నాకు ఆకలి తెలియలేదు. ముందు రైలు స్టేషను వచ్చింది, ఊరు తర్వాత వచ్చింది. అడవిలో ఒక షెడ్డు, నదినుంచి ఒక పైపు, ఒక పొగగొట్టం. పొగగొట్టం చుట్టూ క్వార్టర్లు, క్వార్టర్ల చుట్టూ గుడిసెలు. వెదురు మొదట ఎడ్లబండ్ల మీద వచ్చేది, తర్వాత లారీల మీద. మరాఠీవాళ్లు, హిందీవాళ్లు, కోస్తానుంచి వచ్చిన ఫిట్టర్లు, అడవిలో వెదురు కొట్టే గోండులు, అందరూ ఒకే కూతకు లేచేవారు. మిల్లు కూత రోజుకు మూడుసార్లు. ఊళ్లో గడియారం కొనాలని ఎవరికీ తోచేది కాదు. కూతను బట్టే ఎసరు పెట్టేవారు. నేను పుట్టింది కూడా రెండో కూతకు కొంచెం ముందట, జాతకం రాసే పంతులు ఎంత నిలదీసినా అమ్మ అంతకు మించి చెప్పలేకపోయింది. చిక్కడపల్లికి వచ్చిన కొత్తలో, కూత లేని ఊళ్లో అన్నం ఎప్పుడు వండాలో తెలియక ఆమె నానా పరేషానయింది.

వాసన గురించి మాత్రం ఆయన ఒక్క ముక్క రాయలేదు. బయటివాళ్లు మా స్టేషన్లో దిగగానే ముక్కు మూసుకునేవారు. కుళ్లిన క్యాబేజీ వాసన అనేవారు. మాకు తెలిసేదే కాదు. ఒకసారి లోయర్ ట్యాంక్ బండ్ మీదుగా వెళ్తుంటే హుస్సేన్‌సాగర్ గాలి కొట్టి బస్సంతా కొంగులు, రుమాళ్లు బయటికి తీసింది. అమ్మ మాత్రం కిటికీలోంచి ముఖం బయట పెట్టి, "మన ఊరు యాదికొస్తున్నదే" అంది. పక్కావిడ మమ్మల్ని చూసిన చూపు ఇంకా గుర్తుంది.

యాభై ఎనిమిదో పేజీ దాకా అలా నవ్వుకుంటూ చదివాను. ఆ పేజీలో ఈ వాక్యం ఉంది: "మగవారు మిల్లును నడిపారు, ఆడవారు ఇళ్లు చక్కబెట్టారు."

ఒళ్లు మండింది. మా అమ్మ ఇరవై ఏళ్లు ఆ మిల్లు ఫినిషింగ్ హాల్లో కాగితాలు లెక్కపెట్టింది.

కోసి తెచ్చిన కాగితాలు బల్లల మీద గుట్టలుగా పడేవి. మడతపడ్డవి, మచ్చపడ్డవి తీసేసి, మిగిలినవి లెక్కపెట్టి, ఐదు వందలకొక రీము కట్టాలి. అమ్మ ఎడమచేత్తో కట్ట మూల పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే కాగితాలు విసనకర్రలా విచ్చుకునేవి. కుడిచేతి వేళ్ల సందుల్లో ఐదైదుగా లాగుతూ లెక్కపెట్టేది. ఆ లెక్క 'ఒకటి'తో మొదలయ్యేది కాదు. కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, 'లాభం' అంటారు. పల్లెలనుంచి వచ్చిన ఆడవాళ్లు ఆ అలవాటును హాల్లోకీ తెచ్చుకున్నారు. లాభం, రెండు, మూడు. వంద లాగుళ్లకు ఒక రీము.

ప్రతి రీములో ఒక చీటీ పెట్టేవారు, దాని మీద లెక్కపెట్టిన మనిషి నంబరు. అమ్మది పదిహేడు. చదువు రాని అమ్మకు చదవను వచ్చిన రాత అదొక్కటే. ఎక్కడో ఎవరో రీము విప్పి తక్కువొచ్చిందంటే ఆ చీటీ మిల్లుకు తిరిగొచ్చేది, ఆ నంబరు మనిషిని పిలిచి అందరి ముందూ నిలబెట్టేవారు. ఇరవై ఏళ్లలో అమ్మ చీటీ ఒక్కటీ తిరిగి రాలేదు. తన గురించి ఆమె గొప్పగా చెప్పుకున్నది ఆ సంగతి ఒక్కటే. చివరికి లెక్కపెట్టే మిషను వచ్చింది, హాలు ఖాళీ అయింది.

ఆ వాక్యం పక్కన ఎర్ర పెన్నుతో "ఇది అబద్ధం" అని రాశాను. ఓనరు చూసి తల పట్టుకున్నాడు. మర్నాడు పుస్తకం రాసిన పెద్దాయన వచ్చారు, ముఖం కందగడ్డలా చేసుకుని.

"అబద్ధమా? ముప్పై ఏండ్లు గేటుకాడ కూసున్నోన్ని. నా కండ్ల ముందటికెళ్లి పోని మనిషి లేడు."

"ఏ గేటు సార్?"

"ఇంకే గేటమ్మా, మెయిన్ గేటు."

"మా అమ్మ ఎనుక గేటుకెళ్లి పోయేది సార్. ఇరవై ఏండ్లు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కోపం తగ్గింది కానీ పట్టు తగ్గలేదు. "వాళ్లు కాంట్రాక్టరు మనుషులమ్మా. మా రిజిస్టర్ల లేరు. రిజిస్టర్ల లేనిది చరిత్రల ఎట్ల రాస్తం?"

"వాసన గూడ రిజిస్టర్ల లేదు సార్. ఊర్ల లేకుండెనా మరి?"

ఓనరు నన్ను లోపలికి తరిమాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సాయంత్రం ఇంట్లో జరిగిందంతా అమ్మకు చెప్పాను. నోరు అదుపులో పెట్టుకోనందుకు తిడుతుందనుకుంటే, బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపి, "మా ముచ్చట గూడ రాస్తరా పుస్తకంల?" అని అడిగింది. ఆ ముఖంలో అంత ఆశ నేను అంతకుముందు చూడలేదు. మా నాన్న పోయినప్పటినుంచి తనకంటూ ఏదీ అడగని మనిషి. వెంటనే మళ్లీ బియ్యంలోకి వంగి, "రాయకుంటే ఏమాయె తియ్యి" అంది. ఆ మాట నన్ను ఇంకా బాధపెట్టింది.

ఉద్యోగం పోలేదు. వాక్యమూ పోలేదు. పుస్తకం మా ఊరి కాగితం మీదే పడాలని పెద్దాయన పట్టుబట్టారు. వారం తర్వాత లోయర్ ట్యాంక్ బండ్ గోడౌనునుంచి ట్రాలీలో రీములు వచ్చాయి. ఆయన వెంటే వచ్చి, పెళ్లికూతుర్ని దింపినట్టు దగ్గరుండి దింపించారు. మిషను నడిపే ఆయన ఒక రీము విప్పి లెక్కపెట్టి, "పది తక్కువున్నయి సారూ" అన్నాడు. పెద్దాయనకు తల కొట్టేసినట్టయింది. "మా మిల్లు రీము తక్కువ రాదు" అంటారాయన. "లెక్కవెట్టిన గద" అంటాడు ఇతను. గొంతులు లేచాయి.

నా టిఫిను డబ్బా పట్టుకుని అమ్మ సరిగ్గా అప్పుడే వచ్చింది. ఆ గొడవ ఆమెకు పట్టలేదు. ముందు కాగితం మూల పట్టుకుని చెవి దగ్గర ఒకసారి ఆడించి, "మనదే" అంది. తర్వాత కట్టలోపల వేళ్లు పెట్టి వెతికి, "చీటీ లేదేందే?" అని నన్ను అడిగింది. లెక్కపెట్టే మిషను వచ్చాక చీటీలు తీసేశారని పెద్దాయనే జవాబు చెప్పారు. అమ్మ కొంగు దోపుకుని కట్ట విదిలించింది. లాభం, రెండు, మూడు, నాలుగు. రెండేళ్లకు పైగా ఆ పని చేయని వేళ్లు. మిషను ఆయన పొగాకు నలపడం ఆపి చూస్తున్నాడు. కట్ట తర్వాత కట్ట తిరగేసి, వంద దగ్గర ఆపి, అమ్మ నుదురు తుడుచుకుంది.

"సరిగ్గనే ఉన్నయి. రెండుచోట్ల అతుక్కున్నయి, జర సూస్కొని విప్పుండ్రి."

పెద్దాయన ఆమె చేతుల వంక చాలాసేపు చూశారు. ముప్పై ఏళ్లు ఆ మిల్లు లెక్క తప్పదని చెప్పుకు తిరిగిన మనిషి, ఆ లెక్క ఎవరిదో అప్పుడు చూశారు. "చెల్లె, ఎంతమందుంటిరి మీరు?" అని అడిగారు.

స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆయన కాగితం తీసుకున్నారు. అమ్మ కళ్లు మూసుకుంది. హాలు ఆమె కళ్లముందే ఉన్నట్టుంది. 'లాభం' అని బొటనవేలి మొదటి కణుపు నొక్కింది. "మంచిగ మొదలువెట్టినవ్ చెల్లె" అని ఆయన నవ్వారు. ఆ తర్వాత కణుపుకొక పేరు. గోడపక్క బల్లనుంచి తలుపుదాకా వరసగా, ఎవరు ఎక్కడ కూర్చునేవారో అలాగే. చంటిదాన్ని బల్ల కింద పడుకోబెట్టుకుని లెక్కపెట్టినామె, బ్లేడు తగిలి వేలు పోయినామె, పాటలు పాడి లెక్క తప్పించేదని అందరూ తిట్టినామె. ఆ పేర్లన్నీ పుస్తకంలో ఉన్నాయి, ఇక్కడ మళ్లీ రాయను. చివరి కణుపు దగ్గర కళ్లు తెరిచి, "ముప్పై రెండు" అంది.

ఎనభై పేజీల పుస్తకం. పదహారు పేజీలకొక ఫారం, సరిగ్గా ఐదు ఫారాలు. ఒక్క పేజీ పెరిగినా ఇంకో ఫారం వేయాలి. ఎనభయ్యో పేజీలో పెద్దాయన ఫొటో, పరిచయం ఉన్నాయి. "అది తీసెయ్యి. నా పేరు అట్ట మీద ఉన్నది గద" అన్నారు. యాభై ఎనిమిదో పేజీ వాక్యం తనే కొట్టేశారు. ఆ రాతప్రతి మొత్తంలో అదొక్కటే కొట్టివేత. ఎనభయ్యో పేజీలో "ఫినిషింగ్ హాల్లో ముప్పై ఇద్దరు స్త్రీలు పనిచేశారు" అని రాసి, కింద పేర్లు వేయించారు. ఆ పేజీని నేను మూడుసార్లు దిద్దాను. ఒక్క వత్తు తప్పు లేదు. అంత సంతోషంగా నేను ఏ పేజీనీ దిద్దలేదు.

బైండింగు అయిన రోజు పెద్దాయన స్వయంగా చిక్కడపల్లి గదికి వచ్చి మొదటి పుస్తకం అమ్మ చేతికిచ్చారు. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి, ఏ పేజీయో నన్నడిగి, మొదటి పేరు మీద వేలు పెట్టింది. లాభం, రెండు, మూడు. వేలు కిందికి జరుగుతూ పోయింది. అడుగుకు చేరాక ఆగి, మళ్లీ పైనుంచి లెక్కపెట్టింది.

"ఒకటి తక్కువుంది."

"తక్కువెట్ల ఉంటదమ్మా, మూడుసార్లు చూసిన!" అని కసిరాను. పుస్తకం లాక్కుని ఒక్కొక్క పేరే చదివాను. ప్రతి పేరుకూ అమ్మ తల ఊపింది. అందరూ ఉన్నారు. మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

పెద్దాయన కళ్లద్దాలు తీశారు. "చెల్లె," అన్నారు మెల్లగా, "నీ పేరేంది?"

అమ్మ సిగ్గుపడింది. "ముందుగాల లాభం అన్న గద సారూ. అది నేనే."

గోడపక్క మొదటి బల్ల అమ్మది. తన పేరు తను చెప్పుకోవడం ఎలాగో తెలియక, కణుపు నొక్కి 'లాభం' అనేసి ముందుకు పోయింది. ఆయన దాన్ని శుభమనుకున్నారు. పక్కనే నిలబడి విన్న నేను, ముప్పై రెండు అన్న అంకెనూ, దాని కింది పేర్లనూ మూడుసార్లు దిద్దిన నేను, అక్షరాలే చూశాను. ఓనరు చెప్పిన నియమం నా జన్మలో తు.చ. తప్పకుండా పాటించింది ఆ పేజీలోనే. కన్నతల్లి పేరు లేదని నాకు తెలియలేదు. సిగ్గుతో ఏడ్చాను. అమ్మే ఊరుకోబెట్టింది.

మళ్లీ అచ్చు వేయడం అయ్యే పని కాదు. తప్పొప్పుల చీటీ ఒక్కటే దారి. "80వ పేజీలో మొదటి పేరు పడలేదు" అని, దాని కింద అమ్మ పేరు, ఇంటిపేరుతో సహా. కోతలో మిగిలిన మా ఊరి కాగితం మీదే ఓనరు అచ్చు వేయించి ఇచ్చాడు. చేతిలో పడ్డ చీటీని అమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా నంబరు ఏసినవా?"

"లేదమ్మా. నీ పేరు."

"ఏది మీదికి రావాలె?"

చూపించాను. ఆ మధ్యాహ్నమంతా ప్రెస్సులో నేల మీద కూర్చుని, ఐదు వందల పుస్తకాల్లోనూ తనే చీటీలు పెట్టింది. పెద్దాయన హైదర్‌గూడలో అప్పటికే రెండు ఇచ్చేశారట, బస్సెక్కి వెళ్లి తెచ్చి అందులోనూ పెట్టించారు. అమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. లాభం దగ్గర మాత్రం ప్రతిసారీ కొంచెం నవ్వింది.

ఆ చీటీల్లో కూడా ఒక్కటీ తిరిగి రాలేదు.