ఏడో నాటికకు నేను వేసిన మార్కులు

1989. కరీంనగర్‌లో మూడు రోజుల నాటిక పోటీలు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకదాన్ని. అప్పటికి ఇరవై ఏళ్లుగా స్టేజీ మీద ఉన్నాను. మా వైపు నాటక సమాజాలకు ఆడపాత్రలు వేసేవాళ్లు దొరక్క, పెద్దపల్లి నుంచి ఆదిలాబాద్ దాకా నన్ను పిలిపించుకునేవారు. మోకాళ్లు సహకరించడం మానేశాక, అవే సమాజాలు నన్ను జడ్జిగా కూర్చోబెట్టడం మొదలుపెట్టాయి.

జడ్జి పని తెర లేచాక మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అసలు పని అంతకు నెల ముందే స్క్రుటినీతో మొదలవుతుంది. అంటే వచ్చిన స్క్రిప్టులన్నీ చదివి, పోటీలో ఆడదగ్గవి ఏరి, మిగతా వాటి మీద, ఏరిన వాటి మీద కూడా, నాలుగు ముక్కల అభిప్రాయం రాసి పంపాలి. ఆ ఏడాది వారంలో ముప్పైకి పైగా చదివాను. వాటిలో ఒకటి నిర్మల్ నుంచి వచ్చింది. ఏ సమాజమూ వెనక లేదు. ఇద్దరు నటులు, ఒక లైట్ల మనిషి, అంతే. రాసినవాడు సాయిలు, కొయ్యబొమ్మలకు రంగులు వేసే పనివాడు. పాత్రల పట్టికలో "రాజం, పోశెట్టి - స్నేహితులు" అని ఉంది. ఒకే గదిలో ఆరేళ్లుగా ఉంటున్నారు. పోశెట్టికి అన్న దుబాయి వీసా పంపాడు. పోయేలోపు పెళ్లి కూడా కుదిర్చాడు. పోశెట్టి ఆ సంగతి రాజంకు చెప్పలేదు. అది బయటపడిన పూట జరిగే గొడవే నాటిక. చివర పోశెట్టి వెళ్లిపోతాడు, రాజం పనికి పోతాడు.

సంభాషణలు నచ్చి ఎంపిక చేశాను. కింద ఇలా రాశాను: "స్నేహితుడు ఊరు విడిచి వెళ్తే ఇంత దుఃఖమెందుకో తెలియడం లేదు. ముగింపు తేలిపోయింది. బలంగా ఉండాలి." రాసి, ఇంకో స్క్రిప్టు అందుకున్నాను.

రెండో రోజు సాయంత్రం నాలుగింటికి ఏడో నాటిక. దానికి ముందు ఆడిన ఆరో నాటికలో ఒకాయన చీర కట్టి, రవికెలో కొబ్బరి చిప్పలు పెట్టుకుని, పక్కవాడి ఒళ్లో కూర్చుని వయ్యారాలు పోయాడు. హాలు హాలంతా పడీపడీ నవ్వింది. పోటీల కార్యదర్శి కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టాడు. నా పక్కన కూర్చున్న రిటైర్డు హెడ్మాస్టరు రాఘవులు సారు కూడా నవ్వాడు. ఇది గుర్తుపెట్టుకొమ్మని మనవి.

ఏడో నాటికలో సాయిలు రాజం వేశాడు. పోశెట్టి వేషం గంగాధర్ అనే గుమాస్తాది. తెర లేవగానే రాజం, పోశెట్టి చొక్కాకు ఊడిన గుండీ కుడుతున్నాడు. స్క్రిప్టులో ఉన్నది అంతే: "గుండీ కుడతాడు." స్టేజీ మీద చూస్తే, చొక్కా పోశెట్టి ఒంటి మీదే ఉంది. రాజం కుట్టడం అయ్యాక వంగి, ఆ ఛాతీ దగ్గర, దారాన్ని పంటితో కొరికాడు. పోశెట్టి కదల్లేదు. కళ్లు మూసుకున్నాడు. మేం దాన్ని పాజ్ అంటాం, మాట లేకుండా నిలిపే క్షణం. నాలుగు లెక్కపెట్టేంత సేపు. వీళ్లు స్నేహితులు కారు. నేను చదివిన స్క్రిప్టు ఇది కాదు, కానీ అక్షరం మారలేదు.

అప్పుడే పోశెట్టి జేబులోంచి పాస్‌పోర్టు ఫొటోలు కింద పడ్డాయి.

"ఫొటోలు ఎప్పుడు దిగినవ్?"

"మొన్న మంగళారం."

"మంగళారం నేను జెరమొచ్చి పండుకున్న. మందులకు పోతున్న అని చెప్పి పోయినవ్."

"మందులు తెచ్చిన గదా."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. గొడవ పెరిగింది. పెళ్లి సంగతి బయటపడింది. "అన్న ఖాయం జేసిండు" అన్నాడు పోశెట్టి. "నువ్వేమన్నవ్?" "నేను వద్దనలే." రాజం చాలాసేపు సూదిని చాపకు గుచ్చి తీస్తూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు: "ఆరేండ్ల సంది నేను నీకేమైత పోశెట్టీ?"

"మనమేమైతమో చెప్పనీకి మాటే లేదు రాజం."

ఆ మాటతో హాలుకు అర్థమైంది. వెనక నుంచి ఈల పడింది. "బంద్ చేయుండ్రి గీ గలీజు!" అని ఒకడు కేక పెట్టాడు. కుర్చీలు లాగిన చప్పుడు. కార్యదర్శి పక్క తలుపు వైపు చెయ్యి ఊపాడు. తెర పడింది. ముప్పై ఐదు నిమిషాల నాటిక ఇరవై రెండో నిమిషంలో ఆగిపోయింది.

నేను తెర వెనక్కి వెళ్లేసరికి సాయిలు చెంప మీద వేళ్ల అచ్చులున్నాయి. కొట్టినవాడెవడో చెప్పడానికి అక్కడ ఎవరూ సిద్ధంగా లేరు. గంగాధర్ ఆ కొత్త గుండీని వేలితో తిప్పుతూ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"మేడం, మీరెందుకు వచ్చిండ్రు?" అన్నాడు కార్యదర్శి. "గీ నాటిక పోటీల లేదు. పూర్తి గాలే. రూలున్నది."

"తెర ఎవరు దించిండ్రు?"

"నేనే దింపిచ్చిన. ముంగట ఆడపిల్లలు కూసున్నరు."

"నేను ఆడమనిషినే. ముందు వరుసలనే కూసున్న. కొబ్బరి చిప్పలాయన ఆడినప్పుడు మీకు ఆడపిల్లలు యాదికి రాలేదా?"

"అది కామెడీ మేడం."

నాకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. స్టేజీ మీద నేర్చుకున్న అలవాటు. మెల్లగా అన్నాను: "రూలుబుక్కు తియ్యిండ్రి. నటుల తప్పు లేకుండ ప్రదర్శన ఆగితే మల్ల ఆడనియ్యాలె అని ఉన్నది. కరెంటు పోయినా, తెర చినిగినా అదే రూలు. మీరు తెర దించుడు నటుల తప్పా?"

రూలు అలాగే ఉంది, ఆయనే రాయించింది. జనం ముందు మాత్రం కుదరదన్నాడు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, ఖాళీ హాల్లో, జడ్జీల ఎదుట ఆడుకొమ్మన్నాడు.

మూడు వందల ఖాళీ కుర్చీలు. రాఘవులు సారు, మూడో జడ్జి అయిన వకీలు మాధవరావు, నేను. ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని ఓ మూల నిలబడిపోయింది. వాళ్లిద్దరూ మొదటి నుంచి ఆడారు. చెంప వాచి ఉన్నా సాయిలు ఒక్క మాట తడబడలేదు. వకీలు గడియారం చూసుకుంటున్నాడు. చివరి ఘట్టం వచ్చింది. పోశెట్టి వెళ్లిపోయాడు. రాజం పనికి పోవడానికి లేస్తాడనుకున్నాను. వాడు అటక మీంచి పురుగుల మందు డబ్బా తీసి తాగాడు. గిలగిల తన్నుకుని చచ్చాడు. తెర.

జడ్జి పోటీ ముగిసేదాకా నటులతో మాట్లాడకూడదు. లేచి స్టేజీ దగ్గరికి పోయాను.

"వానినెందుకు చంపినవ్ సాయిలూ? రాసి పంపినదాంట్ల చావలే గదా!"

సాయిలు నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. "ముగింపు బలంగ ఉండాలె అని రాసి పంపిండ్రు గదా మేడం. ఇంతకన్న బలంగ నాకేం తెల్వలే."

నేను ఎవరిమీద అరవాలనుకుని లేచానో మర్చిపోయాను. కార్యదర్శి తెర ఒకసారే దించాడు. నేనైతే నిర్మల్ గదిలో నిమ్మళంగా రాసుకున్నవాడి మనిషిని వాడి చేతే చంపించాను. అదీ సరిగ్గా చదవకుండా.

"నువ్వు ముందు రాసిందే బాగున్నది" అన్నాను.

మధ్యాహ్నం మార్కుల దగ్గర కూర్చున్నాం. కన్సాలిడేటెడ్ షీట్ అని ఒకటుంటుంది. ముగ్గురి మార్కులూ కలిపి రాసి, ముగ్గురూ సంతకం చేసే కాగితం. రాఘవులు సారు ఏడో నాటికకు అన్ని గడుల్లో సున్నా పెట్టాడు. వకీలు కూడా అంతే.

"నటనకు గూడ సున్నానా సారూ?" అన్నాను.

"అమ్మా, నటన బాగుంటే ఇంకా ప్రమాదం" అన్నాడు రాఘవులు సారు. అబద్ధమెందుకు, ఆ రెండు రోజుల్లో నాటకం గురించి ఆయన అన్న ఒకే ఒక్క నిజమైన మాట అది.

నేను జాలితో వేయలేదు. నటనకు అందరికన్నా ఎక్కువ వేశాను. రంగాలంకరణకు తక్కువ వేశాను, ఎందుకంటే ఆ గది గోడలు బాగా లేవు. నా మార్కుల కాగితంలో, రచన కింద, ముగింపుకు కోత పెట్టి, పక్కన "ఈ కోతకు సగం బాధ్యత స్క్రుటినీ చేసిన నాది" అని రాసి నా పేరు పెట్టాను. కార్యదర్శి చదివి, "గిట్ల రాస్తరా ఎవరన్న? మీరు గూడ సున్నా వెయ్యిండ్రి, ఒక్క మాట మీదుంటది" అన్నాడు. కలం మూసేశాను. ఆ కన్సాలిడేటెడ్ షీట్ మీద నా సంతకం లేదు. ఫలితాలు మాత్రం చదివేశారు. ఉత్తమ హాస్యనటుడు కొబ్బరి చిప్పలాయన. ఏడో నాటిక పేరు కూడా చదవలేదు. తర్వాత ఆ పోటీలకు నన్ను మళ్లీ పిలవలేదు.

మూడు నెలలకు సాయిలు నుంచి కార్డు వచ్చింది. పాత ముగింపుతో నిర్మల్‌లోనే ఆడుతున్నామని, వీలైతే రమ్మని. బస్సెక్కి పోయాను. బొమ్మలు చేసే షెడ్డు. పొణికి కొయ్య పొట్టు వాసన. చాపల మీద ఓ ముప్పై మంది. గంగాధర్ వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. గుండీ, ఫొటోలు, గొడవ. పోశెట్టి పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. రాజం ఇద్దరికి వండిన అన్నంలో తన వంతు తిన్నాడు, కంచం కడిగాడు, తల దువ్వుకుని పనికి బయల్దేరాడు. ఎవరూ చావలేదు. దాన్ని చూడడం చావు చూడడం కన్నా కష్టమైంది.

చప్పట్లు లేవు. ఎవరూ ఈల వేయలేదు. ముందు చాప మీద కూర్చున్న సాయిలు వాళ్లవ్వ గట్టిగానే అడిగింది: "మల్ల వస్తడార ఆ పిలగాడు?"

సాయిలు గడప దగ్గర ఆగి, వేషంలోంచి బయటికి రాకుండానే, "తెల్వదవ్వా" అన్నాడు.

ఆమె ఎన్నడూ బడికి పోలేదని తర్వాత తెలిసింది. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో ఆమెకు ఎవరూ వివరించలేదు, ఆమె అడగలేదు కూడా. ఇరవై ఏళ్ల అనుభవమున్న నాకు అది కాగితం మీద కనిపించలేదు. ఆ హెడ్మాస్టరుకు, వకీలుకు కళ్లెదుట కనిపించినా సున్నా పెట్టారు.

ఆ తర్వాత ఇంకా చాలా చోట్ల స్క్రుటినీ చేశాను. ఏ స్క్రిప్టు వచ్చినా, అన్ని పాత్రలూ నేనే వేస్తూ, గొంతెత్తి ఒకసారి చదివాకే కలం పడతాను. పని మూడింతలవుతుంది. అంత గడువుకు ఒప్పుకోని చోటికి స్క్రిప్టులు వెనక్కి పంపించేస్తాను. అనుభవంతో కోపం చల్లారుతుందని అంటారు. నాకు మాత్రం ఆ ఖాళీ హాల్లో కూర్చున్న పొద్దు ఎంత కోపముందో, ఇది రాస్తున్నప్పుడూ అంతే ఉంది. అందులో సగం నా మీదే.