పుట్టింటికెళ్ళిన పేరు

మూడేళ్ళ కిందట ఆషాఢంలో గోదావరికి వరద వచ్చినప్పటి సంగతి ఇది. అప్పుడు నేను రాజోలు దగ్గర, ఏటిగట్టు పక్కనున్న మా ఊరి అంగన్‌వాడీలో ఆయాను. ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. వండటం, పిల్లల్ని చూడటం, గర్భిణులకు గుడ్లు, పాలు అందించడం నా పని. రిజిస్టరు టీచరుగారు రాసేవారు. ఎవరు వస్తున్నారో, ఎవరు మానేశారో చెప్పేది మాత్రం నేనే.

లంకలంటే ఏటి మధ్యనున్న ఊళ్ళు. ముందు మునిగేవి అవే. అందుకని నెలలు నిండినవాళ్ళని పడవల మీద గట్టుకు చేరుస్తారు. ఎవరిని తేవాలో చెప్పే కాగితాన్ని లైన్ లిస్ట్ అంటారు. వరుసకొక మనిషి: పేరు, ఊరు, ఈడీడీ. ఈడీడీ అంటే కాన్పు రావచ్చునని డాక్టరుగారు లెక్కగట్టిన తేదీ. ఆ లిస్టు మా రిజిస్టర్ల నుంచే తయారవుతుంది.

వరద రెండో రోజున మా బడిలో పెట్టిన పునరావాస కేంద్రంలో వండుతున్నాను. మా వీధి కాంతమ్మ వంకాయలు తరగడానికి వచ్చింది.

"మా దీవెన అదృష్టవంతురాలు వదినా. పది రోజుల కిందటే పుట్టింటికి పంపించేం. ఈ బురదా గోలా తప్పింది దానికి" అంది.

దీవెన ఆమె కోడలు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని మావైపు పట్టింపు. అది వెళ్ళిన రోజునే నేను టీచరుగారికి చెప్పి రిజిస్టరులో పేరు కొట్టించేశాను. లేని మనిషి పేరు మీద గుడ్లు రావడం నాకు గిట్టదు.

"పుట్టిల్లు ఏ ఊరే?"

"ఎదర లంకేగా."

"ఫోను చేసేవా?"

"కలవట్లేదు. పడవేసి తెచ్చే ఉంటార్లే."

"తెస్తే ఈ బడికే తేవాలి కదే! ఏదీ, ఎక్కడుందో చూపించు!"

నేను పొయ్యి తగ్గించి వీఆర్వోగారి దగ్గరకు వెళ్ళి ఎదర లంక సంగతి అడిగాను. వీఆర్వో అంటే గ్రామ రెవెన్యూ అధికారి. పడవలు ఎటు వెళ్ళాలో చెప్పేది ఆవిడే. చిన్న వయసు, రెండు రోజులుగా నిద్ర లేదు.

"ఆ లంకలో ఇద్దరేనండీ మామ్మగారూ. ఇద్దర్నీ నిన్ననే తెచ్చేం. పూర్తయిందని గ్రూపులో కూడా పెట్టేను."

"ఆ ఇద్దరూ మీ కాగితంలో ఉన్నవాళ్ళండి. మూడోది లంకలో ఉంది."

"లిస్టులో లేదు కదండీ మరి."

"లేదండి. నేనే తీయించేను."

ఆవిడ తలెత్తి చూశారు. ఆ లంక ఆయా మా కేంద్రంలోనే తలదాచుకుని ఉంది. పిలిపించి అడిగారు. "వచ్చిందని విన్నానండి. మీ ఊరి నుంచి కాయితం రాలేదు కదా, వచ్చేక రాసుకుందాంలే అనుకున్నానండి" అంది. నేను కొట్టించేశాను, ఆమె రాయించలేదు. ఇద్దరం రూలు ప్రకారమే నడుచుకున్నాం. పిల్ల మాత్రం ఏటి మధ్య ఉండిపోయింది.

రేవులో మా ఊరి అబ్బులు పడవ ఒక్కటే ఉంది. దాన్నిండా మంచినీళ్ళ టిన్నులు.

"ఇవి దింపేస్తే అవతల పేటవాళ్ళు సాయంత్రం దాకా నీళ్ళకి ఆగాలండి. వాళ్ళకేం చెప్పను?" అన్నారు వీఆర్వోగారు.

"నా పేరు చెప్పండి. తిట్లు నాకు అలవాటే."

"దింపించండి" అన్నారు ఆవిడ.

అబ్బులు టిన్నులు దింపుతూ, "నువ్వూ ఎక్కు అత్తా. నీ అరుపుకి గోదారి కాస్త ఎనక్కి తగ్గుద్దేమో" అన్నాడు.

"నేనెక్కితే ఒక మనిషి చోటు పోద్ది. నోరు మూసుకుని ఎళ్ళరా!"

పడవ దీవెనని తీసుకుని తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దీవెనకి అప్పటికే నొప్పులు మొదలయ్యాయి. నిన్నటి పడవ వాళ్ళ గుమ్మం ముందు నుంచే వెళ్ళిందట. సిబ్బంది పేర్లు చదివితే దీవెన పేరు రాలేదు. "మన వంతు రేపేమో, అడిగితే ఏం బాగుంటుంది" అనుకుని దీవెన తల్లి ఊరుకుందట. మర్యాద కూడా ఒక్కోసారి మనిషిని ముంచుతుంది.

108లో అమలాపురం పంపించాం. దీపాలు పెట్టే వేళకి ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ క్షేమమని ఫోనొచ్చింది. కాంతమ్మ ఏడుస్తూ అన్నం వడ్డించింది. ఏడవడం తరవాత, ముందు చారు పొయ్యమన్నాను.

వరద తీశాక వీఆర్వోగారు చుట్టుపక్కల ఆయాలందర్నీ కూర్చోబెట్టి, ఏం చేద్దామని అడిగారు. నాకు తోచింది చెప్పాను. పుట్టింటికి వెళ్ళినవాళ్ళ పేరు వెంటనే కొట్టకూడదు. పక్కన ఊరి పేరు రాసి, ఆ ఊరి ఆయాకి ఫోను చెయ్యాలి. "వచ్చింది, నేను కళ్ళారా చూసేను, రాయించేను" అని ఆమె నోటితో చెప్పాకే ఇక్కడ గీత పడాలి. ఇప్పటికీ మా వైపు అలాగే చేస్తున్నారు.

ఆ మరుసటి ఏడు మళ్ళీ నీళ్ళొచ్చాయి. వీఆర్వోగారు లిస్టు పట్టుకుని నా దగ్గరకొచ్చారు.

"మామ్మగారూ, ఈ అమ్మాయి పేరు రెండు ఊళ్ళలోనూ ఉందండి. ఏ ఊరికి పంపమంటారు పడవ?"

"రెండూళ్ళకీ పంపండి. ఒకటి ఖాళీగా తిరిగొస్తే రానివ్వండి" అన్నాను.