అస్మరాలో నా పేరున ఒక గది

నన్ను తిట్టి వెళ్ళగొట్టినవాళ్ళ మీద నాకు కోపం ఎక్కువ రోజులు నిలవదు. కువైట్‌లో మొదటి ఇంట్లో నా మీద గరిటె విసిరిన ముసలామెను తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. నా కడుపు మండేది నన్ను బాగా చూసుకున్నవాళ్ళను తలుచుకున్నప్పుడు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది ఎలా ఉంటుందో నాకు అస్మరాలో ఒక హోటల్లో తెలిసింది. అంత మంచి చోట నేను అంతకు ముందు ఉండలేదు, ఆ తర్వాతా ఉండలేదు.

మాది కడప జిల్లా, రాజంపేట దగ్గర పల్లె. సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో తొమ్మిదేళ్ళు వంట చేశాను. మా ఆయన అక్కడికి అరగంట దూరంలో, ఫహాహీల్‌లో ఒక కంపెనీకి వ్యాను తోలేవాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కువైట్‌లోనే అంటే ఊళ్ళోవాళ్ళు ఎంత అదృష్టమో అనేవారు. ఆ అదృష్టం నెలకు ఒక్క శుక్రవారం. మామా, అంటే నేను పనిచేసే ఇంటి యజమానురాలు, ఆ రోజు మధ్యాహ్నం నన్ను వదిలేది. బస్సెక్కి ఫహాహీల్ పోయేదాన్ని. ఆయన గదిలో ఆరుగురు మగవాళ్ళు, లోపలికి పోవడానికి లేదు. ఆయన వండి తెచ్చిన అన్నమూ పప్పూ సముద్రం ఒడ్డున గట్టు మీద కూర్చుని తినేవాళ్ళం. చీకటి పడకముందే మళ్ళీ బస్సు. సెలవు మీద ఊరికి పోదామంటే ఇద్దరికీ ఒకేసారి దొరికింది లేదు. పిల్లలు లేరా అని ఎవరైనా అడిగితే ఒళ్ళు మండి, నెలకోసారి గట్టు మీద అన్నం తింటే పుడతారా అని అడిగేదాన్ని.

అందుకే రిలీజ్ కోసం అంత ఆరాటపడ్డాను. కువైట్‌లో పని మారాలంటే మన కఫీల్, అంటే మనల్ని తెప్పించుకున్న యజమాని, సంతకం పెట్టి వదలాలి. దాన్నే మేం రిలీజ్ అంటాం. ఫహాహీల్‌లో ఒక చిన్నపిల్లల బడిలో నాకు ఆయా పని చూశాడు మా ఆయన. ఆ బడి వెనక వీధిలోనే ఒక గది కూడా మాట్లాడాడు. మేమిద్దరమే ఉండే గది. నేను భయపడుతూ మామాను అడిగితే ఆమె ముఖం కూడా మారలేదు.

"వల్లా, దేవుడి మీద ఒట్టు, తప్పకుండా ఇస్తాను. ఈ ఎండాకాలం అస్మరా పోతున్నాం, నువ్వూ రా. నువ్వు లేకుండా పాప ఉండదు. తిరిగి రాగానే రిలీజ్ తీసుకో" అంది.

పాప అంటే ఆమె ఆఖరి కూతురు. ఐదేళ్ళది. పుట్టిన నలభయ్యో రోజు నుంచి నా పక్కలోనే పడుకుంది.

అస్మరా అనే ఊరు ఉందని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. ఎరిత్రియా అనే ఆఫ్రికా దేశానికి రాజధాని అట. బాబాకు, అంటే మామా భర్తకు, అక్కడ ఏదో వ్యాపారం ఉంది. లండన్‌కో, కైరోకో పోయే కువైటీలను చూశాను గానీ అస్మరా పోయేవాళ్ళను వీళ్ళనే చూశాను. విమానంలో సగం సీట్లు ఖాళీ. దిగితే చలి! కువైట్‌లో కొళాయి తిప్పితే కాగిన నీళ్ళొచ్చే నెలలో నేను అక్కడ స్వెటరు వేసుకుని తిరిగాను. కొండల మీద ఊరు. రోడ్ల పక్కన తాటిచెట్లలాంటి చెట్లు, టై కట్టుకుని సైకిల్ తొక్కే ముసలివాళ్ళు, మధ్యాహ్నం కాగానే ఒక వాన.

మేం దిగిన హోటల్, ఎప్పుడో ఇటలీవాళ్ళు కట్టుకున్న పాత ఇల్లు. పన్నెండు గదులు, మధ్యలో పెద్ద వాకిలి. దాన్ని నడిపేది భర్త పోయిన ఒక పెద్దావిడ. వయసులో ఉన్నప్పుడు ఆమె కూడా జెద్దాలో ఇళ్ళల్లో పనిచేసిందట, అరబ్బీ గలగలా మాట్లాడేది. నేను అలవాటు కొద్దీ నా బ్యాగు తీసుకుని వంటింటి వైపు నడిస్తే, ఆమె వెనకాలే వచ్చి బ్యాగు లాక్కుంది. మేడ మీద ఒక గది తెరిచి, తాళం చెవి నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. కిందికి పోయి రిజిస్టర్లో మామా పేరు కింద నా పేరు రాసింది. నాకు ముప్పై నాలుగేళ్ళు. నా పేరున ఒక గది రాయడం అదే మొదలు.

తెల్లారేసరికి మెలకువ రావడం నాకు జబ్బు. రెండో రోజు వంటింట్లోకి దూరి ఉల్లిపాయలు తరుగుతుంటే ఆ పెద్దావిడ నా చేతి మీద ఒక్కటేసి కత్తి తీసుకుంది. "నువ్వు దైఫా" అంది, అతిథివని. అతిథిగా ఉండడం కంటే అంట్లు తోమడమే నాకు తేలిక. వాళ్ళు తినేది పులిసిన పిండితో పోసిన పెద్ద దోసె, మన సద్దన్నం పులుపు. దాని మీద కూరలు పోసుకుని అందరూ ఒకే పళ్ళెంలో తింటారు. బుధ, శుక్రవారాలు వాళ్ళకు ఒక్కపొద్దు, మాంసం ముట్టరు. ఆ రెండు రోజులూ ఎర్రపప్పు. నేను వాళ్ళ పళ్ళెం దగ్గర కూర్చుని వాళ్ళకంటే ఎక్కువ తినేదాన్ని. సాయంత్రం కాఫీ గింజలు బొగ్గుల మీద వేయించి, ఆ పొగను చేత్తో మన ముఖం వైపు తోస్తారు. చిన్న గిన్నెల్లో మూడుసార్లు పోస్తారు. మూడోది తాగకుండా లేస్తే ఆ ఇంటిని అవమానించినట్టేనట. మామా ఒకటి తాగి లేచిపోయేది. నేను మూడూ తాగి రాత్రంతా కళ్ళు తెరుచుకుని పడుకునేదాన్ని.

మూడు వారాలయ్యాక ఒక మధ్యాహ్నం మామా నా గదికి వచ్చింది. మంచం మీద నా పక్కనే కూర్చుంది. తొమ్మిదేళ్ళలో ఆమె నా పక్కన కూర్చోవడం ఎన్నడూ లేదు.

"నీ ఇఖామా గడువు అయిపోయింది. మేం కువైట్ పోయాక బాబా కొత్తది చేయించి నీకు టికెట్ పంపుతాడు. ఇంకో మూడు వారాలు, అంతే. ఇన్నేళ్ళలో నువ్వు ఒక్క రోజు విశ్రాంతి ఎరగవు. ఇక్కడే ఉండు, హోటల్లో చెప్పాను" అంది. ఇఖామా అంటే కువైట్‌లో ఉండడానికి సర్కారిచ్చే కాగితం. అది లేకుండా నేను తిరిగి అడుగు పెట్టలేను, కాబట్టి ఆ మాట సబబుగానే వినిపించింది. తర్వాత ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి నా పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. "ఇది నీ దగ్గరే పెట్టుకో" అంది.

కువైట్‌లో దిగిన రోజే మా పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోకి పోతుంది. మళ్ళీ దాని ముఖం చూసేది సెలవుకు పోయేటప్పుడు, అదీ విమానాశ్రయంలో. అలాంటిది మామా తనంతట తాను తెచ్చి నా చేతికిచ్చింది. నన్ను నమ్మింది, రిలీజ్ ఇక్కడి నుంచే మొదలైంది అనుకుని ఆమె చెయ్యి కళ్ళకద్దుకున్నాను. వేరే ఎవరైనా అయితే, పాస్‌పోర్టు చేతిలో పెట్టి తాము వెళ్ళిపోతున్నారేమిటని అనుమానపడేవాళ్ళు. తన పాస్‌పోర్టు తొమ్మిదేళ్ళు పరాయి బీరువాలో ఉన్న మనిషికి అది బహుమానంలా కనిపిస్తుంది. పనిమనిషిని ఇంకా కావాలనుకున్నవాళ్ళు పాస్‌పోర్టు వదలరని పక్కిళ్ళల్లో చూస్తూ కూడా, నా దగ్గరికి వచ్చేసరికి నాకు తట్టలేదు.

వాళ్ళు బయలుదేరినప్పుడు నేను హోటల్ ఆవిడతో బజారుకు పోయి ఉన్నాను. పాప ఏడుస్తుందని మామానే అలా పంపింది. అదీ మంచికే అనుకున్నాను.

ఆ తర్వాతి మూడు వారాలు నా జీవితంలో నేను మహారాణిని. పొద్దెక్కాక లేవడం నేర్చుకున్నాను. సాయంత్రం ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని పెద్ద వీధిలో నడిచేదాన్ని, ఊరు ఊరంతా ఆ వేళకు ఊరికే నడుస్తుంది. నడుస్తూ ఫహాహీల్ గది సర్దుకునేదాన్ని: స్టవ్ ఏ మూల, మంచం ఏ గోడకు, దేవుడి పటం ఎక్కడ. ఆ పెద్దావిడ అన్నీ వినేది, నా చెయ్యి నిమిరేది. వారానికోసారి హోటల్ ఫోన్ నుంచి మా ఆయనకు చేసేదాన్ని. మామూలుగా ఆయనకు ప్రతిదానికీ తొందరే. శుక్రవారం బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే నా మీద విసుక్కునే మనిషి. అలాంటివాడు, "ఉండు మే, తొందరేముండాది. బాగ తిను, నిద్ర పో" అనేవాడు. నా మీద ప్రేమ పెరిగిందని మురిసిపోయాను.

మూడో వారం ఆఖరున, కాఫీ మూడో గిన్నె అయ్యాక, ఆ పెద్దావిడ నా ముందు ఒక కవరు పెట్టింది. లోపల రేపటి టికెట్. పదో తరగతి చదివినదాన్ని, ఆ మాత్రం ఇంగ్లీషు చదవగలను. అస్మరా నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి చెన్నై. కువైట్ మాటే లేదు.

"ఇది తప్పు టికెట్" అన్నాను.

"కాదు. ఆమె పోయే రోజే ఇచ్చి, ఈ రోజు నీకివ్వమంది" అంది. తల దించుకోలేదు. "జెద్దాలో నాకు విమానాశ్రయంలో చెప్పారమ్మా, ఇక పోతున్నావని. నీకు ఈ కొన్ని రోజులైనా సుఖంగా పోనీ అనుకున్నాను."

"నా చెయ్యి పట్టుకుని నడుస్తూ నా గది కబుర్లు ఎలా విన్నావు?" అని అరిచాను. ముందే చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, నిజమే. ఏడ్చి, ఏదో ఒక ఆఫీసు మెట్ల మీద కూర్చునేదాన్ని, ఎవరి కాళ్ళో పట్టుకునేదాన్ని. నాకున్న మూడు వారాలూ ఆమె దోసెలూ కాఫీలూ పెట్టి తినేసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు.

మామాకు ఫోన్ చేశాను. రెండోసారి ఎత్తింది. రిలీజ్ ఇస్తానని వల్లా అన్నావు కదా, అన్నాను.

"నువ్వు ఫహాహీల్‌లో ఉంటే పాప నీ దగ్గరికే పోతానని రోజూ ఏడుస్తుంది. అది అమ్మా అని పిలిచేది నిన్ను. నువ్వు కువైట్‌లోనే ఉండకూడదు. ఖలాస్" అంది, పెట్టేసింది. చెప్తే నమ్మరు గానీ, ఆ మాట వినగానే నా కోపం కాస్త దిగింది. కన్నతల్లి కడుపుమంట అది. పరాయి మనిషి మోసం పరాయి మోసమే, ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

తర్వాత మా ఆయనకు చేశాను. "ఏమయ్యా, నన్ను ఇంటికి పంపిస్తా ఉండారు" అని మాత్రం అన్నాను.

"ఏడ్వద్దు మే" అన్నాడు. "మీ అన్నకు చెప్పినా. ఎల్లుండి పదకొండుకంతా మద్రాసు ఏర్‌పోర్టు కాడ ఉంటాడు."

కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ సరేనన్నాను. అన్నాక, చెయ్యి కంటి మీదే ఆగిపోయింది. మద్రాసని నేను చెప్పలేదు. ఎల్లుండని చెప్పలేదు. టికెట్ ఇంకా నా ఒళ్ళోనే ఉంది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"మీరు పోకముందే బాబా నన్ను పిలిపిచ్చినాడు. రిలీజ్ ఇయ్యనన్యాడు. గలాటా చేస్తే నా ఇఖామా గూడా పోగొడతానన్యాడు. ఇద్దురమూ ఇంటికాడ కూసుంటే ఎట్ల మే? నేనన్నా ఉంటే..."

"మనం మాట్లాడుకున్న రూము?"

"యాడి రూము. అప్పుడే ఇడిసిపెట్టినా."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత. నేను అస్మరా వీధుల్లో మంచం ఏ గోడకు వేద్దామా అని చూసుకున్న ఆ మూడు వారాలూ ఆ గది లేదు. లేదని మా ఆయనకు తెలుసు. తెలిసే, బాగా తిను, నిద్ర పో అన్నాడు.

మర్నాడు హోటల్లో ఉన్నవాళ్ళంతా గేటు దాకా వచ్చారు. ఆ పెద్దావిడ దారికి అన్నం మూట కట్టి ఇచ్చింది. తీసుకోలేదు.

ఆయన ఇంకో ఆరేళ్ళు కువైట్‌లో ఉండి, అప్పుడొచ్చాడు. అప్పటికి నాకు నలభై వచ్చాయి. ఇప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాం, నేను కోరుకున్నది అదే కదా. ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరం వస్తే గంజి కాచి పోస్తాడు, ఊరు పోతే తొందరగా వచ్చేస్తాడు. కానీ బయటి నుంచి ఏ కబురు తెచ్చినా, మంచిదైనా చెడ్డదైనా, పూర్తిగా వినకముందే నేను అడిగేది ఒక్కటే: ఇది నీకు ఎప్పుడు తెలిసింది? ఆయన ఏదో ఒక రోజు చెబుతాడు. నేను నమ్మను.