చిన్నబాపు వెనకాల ఊడ్చిన వాకిలి

కరీంనగర్‌లో మమ్మల్ని 'చీపుర్లోళ్లు' అనేవాళ్లు. చీపురు కాలికి తగిలితే లక్ష్మి అంటూ కళ్లకద్దుకునే మహానుభావులే, ఆ చీపుర్లమ్మే మా ఇంట్లో మంచినీళ్లు తాగాలంటే ముక్కు చిట్లించేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. మా నాన్నకు, అదే బాపుకు, మండేది కాదు. ఎవడు ముక్కు చిట్లిస్తే వాడికే రెండు కట్టలు ఎక్కువ అంటగట్టేవాడు.

నిజాం రాజ్యం పోయిన కొత్తలో బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు కలిసి మొదలుపెట్టిన వ్యాపారం అది. బాపుకు నోరుంది, చిన్నబాపుకు కాళ్లున్నాయి. ఆసిఫాబాద్ అడవుల దాకా పోయి చీపురుగడ్డి తెచ్చేది చిన్నబాపే. తరువాత బ్లీచింగ్ పౌడరు, ఫినాయిల్ డబ్బాలు, పీచు బ్రష్‌లు వచ్చాయి. మునిసిపాలిటీకి, దవాఖానాకు, పెద్దపల్లి మిల్లులకు మా సరుకే పోయేది. బస్తాల్లోని బ్లీచింగ్ పౌడరును చిన్న సంచుల్లోకి తోడేదీ చిన్నబాపే. మూతికి గుడ్డ కట్టుకున్నా కళ్లు ఎర్రగా వాచిపోయేవి. చూసినవాళ్లు తాగుబోతనుకునేవాళ్లు. బాపు కాదనేవాడు కాదు. పైగా, "ఏం జేస్త, తమ్ముడాయె" అని నిట్టూర్చేవాడు. చుక్క ముట్టని మనిషి మీద ఆ నింద ఊరంతా పాకింది.

మందమర్రి బొగ్గు గనుల కాలనీలకు సరుకు వేసే అవకాశం వచ్చేసరికి తమ్ముడి మీద బాపు మనసు పూర్తిగా విరిగింది. చిన్నబాపుకు పిల్లల్లేరు. "పిల్లల్లేనోనికి దుకాణంల పొత్తెందుకు?" అని నన్ను కన్న అవ్వతో రోజూ అనేవాడు. గోడవతల చిన్నమ్మకు వినబడేలాగే అనేవాడు. తమ్ముణ్ణి ఎలా వదిలించుకోవాలన్నదే ఆయన ధ్యాస. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లను చూశాను గాని, తగలేస్తూ చలి కాచుకున్నవాణ్ణి మా బాపునే చూశాను.

ఒకరోజు పొద్దున చిన్నబాపు గడ్డి కోసం అడవికి బయలుదేరాడు. రొట్టెల మూట చంకన పెట్టుకుని, తన తల్లి, మా బాపమ్మ కాళ్లకు మొక్కి, వాకిలి దాటాడు.

మనిషి ఊరికి బయలుదేరితే కొంతసేపటిదాకా ఇల్లు ఊడ్వరు. వెంటనే ఊడ్చేది పీనుగ వెళ్లిన ఇంట్లోనే. మా బతుకే చీపుర్ల మీద కాబట్టి ఈ పట్టింపు మాకు మరీ ఎక్కువ. ఎవరైనా ప్రయాణమైతే బాపమ్మ అమ్మకానికున్న కట్టలను కూడా కదల్చనిచ్చేది కాదు.

చిన్నబాపు సందు మలుపు తిరిగాడో లేదో, బాపు అవ్వను పిలిచాడు.

"వాకిలి ఊకు."

అవ్వకు అర్థం కాలేదు. "గిప్పుడే పాయె గదా. జరసేపాగి ఊకుత."

"గిప్పుడే ఊకు. గనుల ఆఫీసర్ వస్తుండు."

అరుగు మీదున్న బాపమ్మ అదిరిపడింది. "ఏందిరా, పీనుగెల్లిందా ఇంట్లకెల్లి?"

"ఎల్లినట్టే అనుకో అవ్వా" అన్నాడు బాపు, కొత్త కట్టలోంచి ఒక చీపురు లాగి మా అవ్వ చేతిలో పెడుతూ.

అవ్వ వంగి ఊడ్వడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే చిన్నబాపు తిరిగి వచ్చాడు. గడ్డిమోపులు కట్టే తాడు మరిచిపోయాడట. వాకిట్లో దుమ్ము లేస్తోంది. వదిన చేతిలో చీపురును చూశాడు, అన్న ముఖం చూశాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆయన చెప్పులు విడిచి, గడప బయటే నిలబడి, చిన్నమ్మను కేకేశాడు.

"చెంబుల నీళ్లు తే. పీనుగను సాగదోలొచ్చినంక కాళ్లు గడుక్కోవాలె గదా."

చిన్నమ్మ నీళ్లు తెచ్చింది. బాపు ఆమె చేతిలోంచి చెంబు లాక్కున్నాడు.

"కాళ్లు కడుగుడెందుకు? లోపలికొచ్చేదుంటె గదా!"

చిన్నబాపు కళ్లు ఎప్పటిలా ఎర్రగానే ఉన్నాయి, ఏడ్చాడో లేదో కూడా తెలియలేదు. చిన్నమ్మ కట్టుబట్టలతో గడప దిగి ఆయన పక్కన నిలబడింది. ఇద్దరూ నడిచారు. బాపు మీద నాకున్న అసహ్యం ఆ నిమిషంలో పుట్టిందే. ఆయన చచ్చినా అది చావలేదు.

బాపమ్మ కర్ర పట్టుకుని లేచింది. "ఆగుర్రి బిడ్డా, నేనొస్త" అంటూ, ఊడ్చిన వాకిలి మీదుగా వాళ్ల వెంట పడింది. ఈ వయసులో ఎక్కడికి పోతుందిలే, తిరిగి వస్తుందిలే అనుకున్నాను. బాపు ఆమెను ఆపలేదు. ఆమె సందు మలుపు దాటేదాకా చూసి, అవ్వ వైపు తిరిగాడు.

"ముసల్దాని ఎన్కంగ గూడ ఊకు."

అవ్వ ఊడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, వెక్కుతూ, మూలలు కూడా వదలకుండా ఊడ్చింది.